బాబుకు రక్తం 8.4 పాయింట్లు: సిరప్ ఎంత పోయాలి, ఏం పెట్టాలి, పాలు ఎందుకు తగ్గించాలి

అడిగిన ప్రశ్న: "మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. బాబుకి 20 నెలలు, బరువు 10 కిలోలు. పీహెచ్‌సీలో వేలికి గుచ్చి చూసి రక్తం 8.4 పాయింట్లే ఉందన్నారు. అంగన్‌వాడీలో ఇచ్చిన ఐరన్ సిరప్ పోస్తే దొడ్డికి నల్లగా పోతోందని మా అత్తమ్మ మాన్పించింది. టౌన్లో చూపిస్తే ఇంకో టానిక్, ఆకలి మందు రాశారు. అన్నం నాలుగు ముద్దలు కూడా తినడు. బర్రెపాలు మాత్రం రోజుకు మూడు సీసాలు తాగుతాడు, పొద్దున చాయ్‌లో బిస్కెట్ తింటాడు. మట్టి కూడా తింటున్నాడు. ఏం పెడితే రక్తం పడుతుంది? పెద్దపాపకి ఆరేళ్లు, తనకీ అదే సిరప్ పోయొచ్చా?"

ముందు అసలు మాట చెప్పేస్తాను. 8.4 ఉన్న పిల్లాడికి తిండితో మాత్రమే రక్తం పట్టదు. సిరప్ కావాలి, అది కూడా రోజూ, సరైన కొలతలో. తిండి అవసరం లేదని కాదు. సిరప్‌తో పెరిగిన రక్తం మళ్లీ పడిపోకుండా కాపాడేది తిండే. కానీ రెండిటికీ అడ్డం పడుతున్నవి మీ ప్రశ్నలోనే ఉన్నాయి: ఆ మూడు సీసాల పాలు, ఆ చాయ్.

తిండి ఎందుకు చాలదో లెక్కేసి చూద్దాం. పది కిలోల పిల్లాడి ఒంట్లో సుమారు 800 మి.లీ. రక్తం ఉంటుంది. ప్రతి 100 మి.లీ.లో 8.4 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంది, దాన్ని 12కి తేవాలంటే మొత్తం మీద 29 గ్రాముల దాకా కొత్తగా తయారవ్వాలి. ఒక్కో గ్రాముకు 3.4 మి.గ్రా. ఐరన్ పడుతుంది. అంటే రక్తానికే సుమారు 100 మి.గ్రా. లోటు, ఖాళీ అయిన నిల్వలు వేరే. ఇక రాబడి చూడండి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 మి.గ్రా. ఐరన్ ఉన్న తిండి అందాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆ 8 పూర్తిగా తిన్నా, మన అన్నం పప్పుల భోజనంలోంచి ఒంటికి పట్టేది నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్లే, అంటే అర మిల్లీగ్రాము. అది పిల్లాడు ఎదగడానికీ, రోజువారీ నష్టానికీ సరిపోతుంది. పాత బాకీ తీర్చడానికి ఏమీ మిగలదు. సిరప్‌లో రోజుకు 30 మి.గ్రా. ఇస్తే అందులో మూడు నాలుగు మిల్లీగ్రాములు పడుతుంది. నెల, నెలన్నరలో లోటు పూడుతుంది. అందుకే బీట్‌రూట్, దానిమ్మ మీద నమ్మకం పెట్టుకుని రెండు నెలలు గడిపేయకండి. ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో అందులో సగం కూడా ఉండదు. తినాలనిపిస్తే తిననివ్వండి, మందు అనుకోకండి.

ఇప్పుడు సిరప్ కొలత. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

అంగన్‌వాడీలోనో ఆశ దగ్గరో ఇచ్చే 50 మి.లీ. సీసాలో ఒక్కో మి.లీ.కి 20 మి.గ్రా. ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ వారానికి రెండుసార్లు ఒక్కో మి.లీ. పోయమంటారు. అది రక్తహీనత రాకుండా ఇచ్చే మోతాదు. రక్తం ఇప్పటికే తగ్గిన పిల్లాడికి అది సరిపోదు. 7 నుంచి 10.9 మధ్య ఉన్నవాళ్లకు కిలో బరువుకు 3 మి.గ్రా. చొప్పున రోజూ ఇవ్వాలి. మీ బాబుకి పది కిలోలు కాబట్టి 30 మి.గ్రా., అంటే ఈ సిరప్‌లో 1.5 మి.లీ., రోజుకు ఒకసారి. ఏడాది నుంచి మూడేళ్ల లోపు, 10–14 కిలోల పిల్లలకు ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న మోతాదు కూడా ఇదే. ఏడాది లోపు, 6–10 కిలోల వాళ్లకైతే 1 మి.లీ., మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 2 మి.లీ. ఈ మోతాదును మీ పీహెచ్‌సీ డాక్టరుతోనో ఏఎన్ఎంతోనో కార్డు మీద రాయించుకోండి. అంగన్‌వాడీ టీచర్ 'వారానికి రెండుసార్లే కదా' అంటే ఆ కార్డు చూపించొచ్చు.

సీసా మూతకు ఉండే కొలత పరికరం ఒక్క నొక్కుకు ఒక మి.లీ. వదిలేలా చేసింది. నాలుగు రోజులు వాడేసరికి సిరప్ ఎండి అంటుకుపోయి అర మి.లీ.నే వదులుతుంది, ఒక్కోసారి రెండుసార్లు చిమ్ముతుంది. గోరువెచ్చని నీళ్లలో కడిగితే బాగుపడుతుంది కానీ, దానికంటే మెడికల్ షాపులో సూది లేని 2 మి.లీ. సిరంజి కొనుక్కోవడం మేలు. 1.5 గీత దగ్గర ఒక చుక్క పసుపుపచ్చ నెయిల్ పాలిష్ పెట్టుకోండి, ఇంట్లో ఎవరు పోసినా తప్పదు. సిరంజిని చెంప లోపలి వైపు, వెనక్కి పెట్టి మెల్లగా వదలాలి. నాలుక మీద పోస్తే ఊసేస్తాడు, పళ్లకు తగిలితే నల్లబడతాయి. తర్వాత రెండు గుక్కలు నీళ్లు తాగించండి. పళ్ల మీది మరక బ్రష్‌తో పోతుంది, పళ్లేమీ పాడవవు.

సిరప్ సరిగా వెళ్తోందో లేదో సీసాయే చెబుతుంది. రోజుకు 1.5 మి.లీ. అంటే 50 మి.లీ. సీసా 33 రోజుల్లో అయిపోవాలి. రెండో నెల వచ్చినా సగం సీసా మిగిలి ఉందంటే సగం రోజులు పోయనట్టే. 'సిరప్ వాడినా రక్తం పెరగలేదు' అని వచ్చే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే, కొత్త జబ్బు కాదు.

ఎప్పుడు పోయాలి? పాలు తాగిన గంటన్నర, రెండు గంటల తర్వాత, తిండికి తిండికి మధ్యలో. పొద్దున పది, పదకొండు మధ్య చాలా ఇళ్లలో కుదురుతుంది. పాలలోనో పెరుగన్నంలోనో కలిపి పోస్తే మందు వేసిన తృప్తే మిగులుతుంది. పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తి ఐరన్‌ను పట్టనివ్వవు. కడుపులో వికారం పెట్టి వాంతి చేసుకుంటుంటే తిండి తర్వాత ఇవ్వండి, కొంచెం తక్కువ పట్టినా నష్టం లేదు. వాంతి అయిన పూట మళ్లీ పోయకండి, మర్నాడు మామూలుగా ఇవ్వండి. జ్వరం, విరేచనాలు, ఆయాసంతో కూడిన దగ్గు ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. మళ్లీ మొదలుపెట్టడమే మర్చిపోతారు. క్యాలెండర్ మీద గీత పెట్టుకోవడం ఒక్కటే దారి.

అత్తమ్మగారి అనుమానం సంగతి. ఒంటికి పట్టకుండా మిగిలిన ఐరన్ బయటికి పోతూ విరేచనాన్ని నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో మారుస్తుంది. సిరప్ లోపలికి వెళ్తోందనడానికి అది గుర్తు. ఆమెను తప్పుపట్టేదేమీ లేదు, సీసా ఇచ్చినవాళ్లు ఆ ముక్క ముందే చెప్పాల్సింది. తారులా జిగురుగా, విపరీతమైన వాసనతో పోతేనో, ఎర్రటి చారలు కనిపిస్తేనో మాత్రం అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి. కొంతమందికి మలబద్ధకం అవుతుంది. నీళ్లు, పండు పెంచితే సర్దుకుంటుంది.

టౌన్లో రాసిన టానిక్ విషయానికి వద్దాం. రెండు ఐరన్ సీసాలు ఒకేసారి వాడకండి, ఏదో ఒకటే. ఏ సీసా అయినా అట్ట మీద 'ఎలిమెంటల్ ఐరన్', అంటే అందులో ఉన్న అసలు ఐరన్, ఎంతో చూడాలి. ఫెర్రస్ సల్ఫేట్ ఇన్ని మి.గ్రా., ఫెర్రస్ ఫ్యూమరేట్ ఇన్ని మి.గ్రా. అని రాసిన అంకె ఐరన్ అంకె కాదు. ఫ్యూమరేట్‌లో మూడో వంతు, మామూలు సల్ఫేట్‌లో ఐదో వంతు మాత్రమే ఐరన్ ఉంటుంది. బయట దొరికే వాటిలో చాలా వరకు 5 మి.లీ.కి ఇంత అని లెక్క కడతారు. అలవాటు కొద్దీ అదే చెంచాతో అంగన్‌వాడీ సిరప్ 5 మి.లీ. పోస్తే 100 మి.గ్రా. వెళ్తుంది, కావలసిన దానికి మూడింతలు పైనే. పాలీమాల్టోజ్ రకం టానిక్ రుచిగా ఉంటుంది, కడుపు నొప్పి తక్కువ. పిల్లల్లో మామూలు ఫెర్రస్ మందు అంత వేగంగా రక్తం పెంచదు, ధర మాత్రం ఎక్కువ. ఉచితంగా వచ్చేది సరిగ్గా వాడితే చాలు. ఆకలి మందు నా ఉద్దేశంలో అనవసరం. ఆ రకం మందుల్లో ఎక్కువభాగం మత్తు తెప్పించేవి, ఆపగానే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. రక్తం తగ్గితే ఆకలి కూడా చస్తుంది. ఐరన్ మొదలైన వారం పది రోజుల్లో పిల్లాడు తిండి అడగడం మీరే గమనిస్తారు. మట్టి తినడం కూడా అంతే. కొట్టినా, చేతికి వేపాకు రసం రాసినా మానడు, ఐరన్ పడితే తానే మానేస్తాడు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా. ఐరన్ సీసా తీపిగా ఉంటుంది. నిండు సీసాలో 1000 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. పది కిలోల పిల్లాడు అది మొత్తం తాగేస్తే కిలోకు 100 మి.గ్రా. అవుతుంది, 60 దాటితేనే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో గర్భిణికి ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్ర ఒక్కోదాంట్లో 60 మి.గ్రా. ఉంటుంది, చక్కెర పూతతో పిప్పరమెంటులా కనిపిస్తుంది. అవి పది మింగినా అదే ప్రమాదం. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి, తర్వాత కొన్ని గంటలు పిల్లాడు తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఆ తర్వాతే కుప్పకూలుతాడు. ఆ మధ్యలో 'తగ్గిపోయిందిలే' అని ఇంట్లో ఉంచుకుంటే చేయి దాటిపోతుంది. అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, సీసాతో సహా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. సిరప్, మాత్రలు అటక మీదో, తాళం వేసిన పెట్టెలోనో ఉండాలి.

ఇక పాలు. ఒక్కో సీసా 200 మి.లీ. అనుకున్నా మూడు సీసాలంటే 600 మి.లీ. నీళ్లు కలపని బర్రెపాలలో వంద మి.లీ.కి వంద క్యాలరీల పైనే ఉంటాయి. ఈ వయసుకు రోజుకు కావలసింది వెయ్యి క్యాలరీలు. అంటే కడుపులో మూడింట రెండొంతులు పాలతోనే నిండిపోతోంది, అందులో ఐరన్ లేనట్టే. పైగా తిన్న నాలుగు ముద్దల్లోని ఐరన్‌ను కూడా ఆ పాలు అడ్డుకుంటున్నాయి. పిల్లాడు తినడం లేదు కాబట్టి పాలు పోస్తున్నామనుకుంటారు, నిజానికి పాలు పోస్తున్నారు కాబట్టే తినడం లేదు. బొద్దుగా, తెల్లగా ఉండి రక్తం తక్కువున్న పిల్లల్లో పాలసీసా కథ దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఒక్కసారిగా మాన్పిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. మొదటి వారం మధ్యాహ్నం సీసా తీసేయండి, రెండో వారం పొద్దుటిది గ్లాసులోకి మార్చండి, సగానికి తగ్గించండి. మూడో వారానికి సీసా ఇంట్లో లేకుండా చేసి, రోజు మొత్తానికి రెండు చిన్న గ్లాసులు, అంటే 300–400 మి.లీ. దగ్గర ఆపండి. పాలు తిండికి ముందు కాదు, తిండి తర్వాత రెండు గంటలకు. రాత్రి నిద్రలో సీసా పెట్టడం పళ్లకూ చేటే. మీ పాలు ఇంకా తాగుతుంటే అవి మాన్పించొద్దు, రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. చాయ్ మాత్రం పూర్తిగా బంద్. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, ఒక్క గుక్కే కదా అని తిండితో పాటు ఇచ్చినా నష్టమే. బిస్కెట్ ఆకలి చంపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మరి ఏం పెట్టాలి? మాంసాహారులైతే పని సులువు. మాంసంలోని ఐరన్ మొక్కల ఐరన్ కంటే మూడు నాలుగింతలు బాగా పడుతుంది, పక్కనున్న అన్నం, పప్పుల ఐరన్‌ను కూడా పట్టేలా చేస్తుంది. కోడి కార్జం వంద గ్రాముల్లో సుమారు 9–10 మి.గ్రా. ఐరన్ ఉంటుంది, అన్ని మాంసాల కంటే చవక, మెత్తగా ఉడుకుతుంది. వారానికి రెండుసార్లు, బొటనవేలంత రెండు ముక్కలు (25–30 గ్రాములు), కారం లేకుండా ఉడికించి మెదిపి అన్నంలో కలపండి. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ కాబట్టి రోజూ పెట్టకండి. మిగతా రోజుల్లో రెండు చెంచాల కీమానో, ముల్లు తీసిన చేపో. ఊళ్లో మేకను కోసినప్పుడు వండే 'నల్ల' (మేక రక్తం) కూడా ఐరన్ గని, బాగా ఉడికితే పిల్లాడికి ఒక చెంచా పెట్టడానికి వెనకాడక్కర్లేదు. చాలా ఇళ్లలో చేసే పని, ముక్కలు పెద్దవాళ్లు తిని పిల్లాడికి పులుసు కలిపిన అన్నం పెట్టడం. ఐరన్ ముక్కలో ఉంటుంది, పులుసులో కాదు. పప్పు మీద తేటతో పెట్టే అన్నానికీ ఇదే మాట. గుడ్డు రోజుకొకటి మంచిదే, కానీ మాంసకృత్తుల కోసం. దాన్లోని ఐరన్ సరిగా పట్టదు, గుడ్డు పెడుతున్నాం కదా అని సిరప్ మానేయొద్దు.

ఆకుకూరల గురించి మనవాళ్లు కాస్త ఎక్కువే చెబుతారు. తోటకూర, మునగాకుల్లో వంద గ్రాములకు నాలుగున్నర మి.గ్రా. దాకా ఐరన్ ఉన్న మాట నిజమే. ఇరవై నెలల పిల్లాడు తినేది ఇరవై గ్రాములు, అందులో పట్టేది అతి స్వల్పం. పప్పులో వేసి పెట్టండి, ఫోలిక్ యాసిడ్‌కూ, విటమిన్ ఏకూ అవి కావాలి. రక్తానికి అదొక్కటే మందు అనుకోకండి. రాగి జావ కూడా అంతే. రాగుల గొప్ప కాల్షియంలో ఉంది. ఉత్త రాగిపిండిని పాలలో కాచి పోస్తే, పైన చెప్పిన పాల చిక్కుకు రాగుల్లోని ఫైటేట్లు (ఇవీ ఐరన్‌ను పట్టనివ్వవు) తోడవుతాయి. రాగులు పెట్టాలనుకుంటే ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో ఒకటి రెండు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తితే ఫైటేట్లు తగ్గుతాయి, జావ కూడా పలచగా జారుతుంది కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. నీళ్లలో కాచి, బెల్లం వేసి, పాలు లేకుండా ఇవ్వండి.

మొక్కల ఐరన్ పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. నిమ్మకాయ పిండమని అందరూ చెబుతారు కానీ అర చెంచా నిమ్మరసంలో ఉండే విటమిన్ సి ఒకటి రెండు మిల్లీగ్రాములే, దాంతో ఏమీ కాదు. జామపండు అలా కాదు, వంద గ్రాములకు 200 మి.గ్రా. పైగా ఉంటుంది. గింజలు తీసేసి చెంచాతో గీకిన రెండు చెంచాల జామ గుజ్జుతో 40 మి.గ్రా. దాకా వస్తుంది. అది దొరకని కాలంలో బత్తాయి రసం పావు గ్లాసు. రెండూ అన్నంతో పాటే, లేదా సిరప్ వేసిన వెంటనే. మూడు గంటల తర్వాత ఇస్తే ఆ లాభం రాదు. వండితే విటమిన్ సి చాలా వరకు పోతుంది.

ఒక రోజు ఇలా ఉండొచ్చు. లేవగానే మీ పాలో, చిన్న గ్లాసు బర్రెపాలో. ఎనిమిదిన్నరకు మొలకల రాగి జావనో, పప్పులో నానబెట్టిన జొన్నరొట్టెనో. పదిన్నరకు సిరప్, వెంటనే జామ గుజ్జు. పన్నెండున్నరకు ముప్పావు గిన్నె మెత్తటి అన్నం, గట్టి పప్పు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి, కార్జం లేక గుడ్డు. సాయంత్రం బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పిండి). రాత్రి మళ్లీ ముప్పావు గిన్నె అన్నం, కూర, ఆ తర్వాత ఇంకో చిన్న గ్లాసు పాలు పడుకునే ముందు. గిన్నె అంటే 250 మి.లీ. పట్టేది. పిల్లాడికి వేరే గిన్నె పెడితేనే ఎంత తిన్నాడో తెలుస్తుంది, పెద్దవాళ్ల పళ్లెంలోంచి తినిపిస్తే నాలుగు ముద్దలే పది ముద్దల్లా అనిపిస్తాయి.

బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్ ఆ ఒక్క పిల్లాడికే, రోజుకు 100 గ్రాముల లెక్కన ఇస్తారు. ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుంటే వారంలో అయిపోతుంది. రేషన్‌లోనో అంగన్‌వాడీలోనో ఫోర్టిఫైడ్ బియ్యం వస్తే, వందకు ఒకటి చొప్పున కలిపిన ఆ తెల్లటి గింజలు నీళ్లలో తేలుతాయి. 'ప్లాస్టిక్ బియ్యం' అని ఏరి పారేయకండి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా వత్తినవి. కిలో బియ్యానికి కనీసం 28 మి.గ్రా. ఐరన్ వాటి నుంచే వస్తుంది. ఐదారుసార్లు కడిగి, గంజి వార్చేస్తే అందులో కొంత పోతుంది. రెండుసార్లు కడిగి ఎసరు ఇగిరేలా వండండి.

నులిపురుగుల మాత్ర గత ఆరు నెలల్లో వేయించారా? ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీలో ఇస్తారు. రెండేళ్ల లోపు సగం మాత్ర (200 మి.గ్రా.), పైన పూర్తి మాత్ర. పిల్లాడికి పొడి చేసి నీళ్లలో కలిపే ఇవ్వాలి, ముక్క ఇస్తే గొంతులో అడ్డం పడుతుంది. మట్టి తినే పిల్లాడికి ఇది తప్పనిసరి. అయితే రక్తం తక్కువకు నులిపురుగులే కారణమని తేల్చేయడం తొందరపాటు. ఈ వయసులో అసలు కారణం ఎక్కువగా తిండే.

'ఊళ్లో పిల్లలందరికీ ఇంతేలే' అని కూడా మీతో అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతానికి, ఆంధ్రలో 63.2 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అది వేలికి గుచ్చి తీసిన రక్తం లెక్క. 2016–18లో నరం నుంచి రక్తం తీసి చూసిన మరో జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద 1–4 ఏళ్ల వాళ్లలో 41 శాతమే వచ్చింది. అంకెల మీద వాదన ఉంటే ఉండనివ్వండి, 8.4 ఏ కొలతతో చూసినా తక్కువే. మొదటి రెండేళ్లలో మెదడు పెరిగే వేగానికి ఐరన్ కావాలి. అప్పుడు పడిన లోటు చురుకుదనం మీద, చదువు మీద మిగిల్చే ప్రభావం తర్వాత రక్తం పెంచినా పూర్తిగా పోకపోవచ్చు.

వేలి పరీక్ష అర పాయింటు అటూ ఇటూ చూపిస్తుంది. వేలిని పిండితే రక్తంలో నీరు కలిసి తక్కువ చూపిస్తుంది, స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంతే. కాబట్టి కుదిరితే ఒకసారి సీబీపీ (రక్తకణాలన్నీ లెక్కగట్టే పరీక్ష) చేయించండి. అందులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, తక్కువగా ఉంటే ఐరన్ లోపమని ఎక్కువ అవకాశం. ఎంసీవీ బాగా తక్కువగా ఉండి ఎర్రకణాల సంఖ్య మాత్రం 5 మిలియన్లు దాటితే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవ్వని వంశపారంపర్య జబ్బు) ఛాయలేమో చూడాలి. ఎంసీవీ ఎక్కువగా ఉంటే బి12 లోపం అనుమానించాలి, ముఖ్యంగా తల్లి మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో. మీది మేనరికం అయినా, రెండు వైపులా ఎవరికైనా రక్తం ఎక్కించిన చరిత్ర ఉన్నా, నల్లమల చెంచు గూడేల్లోనో ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లోనో కుటుంబ మూలాలున్నా సికిల్ సెల్ (ఇదీ వంశపారంపర్య రక్తజబ్బే), తలసీమియా పరీక్ష (హెచ్‌పీఎల్‌సీ) అడగండి. తలసీమియా ఉన్న బిడ్డకు నెలల తరబడి ఐరన్ పోస్తే రక్తం పెరగదు, ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది.

సిరప్ మొదలుపెట్టిన సరిగ్గా నెలకు మళ్లీ చూపించండి, వీలైతే అదే మిషన్‌తో. కనీసం ఒక పాయింటు పెరగాలి, అంటే 9.4 దాటాలి. పెరిగితే రోగం ఐరన్ లోపమేనని తేలినట్టు, అదే కొనసాగించండి. పెరగకపోతే ముందు సీసాలో ఎంత మిగిలిందో చూడండి, పాలు నిజంగా తగ్గాయా చూడండి. అవి సరిగ్గా ఉండీ పెరగకపోతే ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించాలి, సిరప్ పెంచుకుంటూ పోకూడదు. 11 దాటాక చాలామంది ఆపేస్తారు. అప్పటికి రక్తం నిండుతుంది కానీ నిల్వలు నిండవు. డాక్టరు చెప్పిన ప్రకారం ఇంకో రెండు నెలలు ఇచ్చి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా వారానికి రెండుసార్లు ఒక మి.లీ. పద్ధతికి రండి.

నెల దాకా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. రక్తం 7 కన్నా తగ్గడం, కూర్చున్నా ఎగశ్వాస, పాదాలకు నీరు పట్టడం, కళ్లు పచ్చబడటం, ఎడమ డొక్క కింద గట్టిగా గడ్డలా తగలడం, చేతివేళ్లు, పాదాలు వాచి నొప్పితో ఏడవడం, ఒంటి మీద కారణం లేకుండా నల్లమచ్చలు, వదలని జ్వరం. వీటిలో ఏది ఉన్నా ఇంటి దగ్గర సిరప్‌తో సరిపెట్టకుండా అదే రోజు జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంగన్‌వాడీలో చేతి జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 11.5 సెం.మీ. కంటే తక్కువ, అంటే ఎరుపు రంగు, వచ్చిన పిల్లలకు కూడా సిరప్ సొంతంగా మొదలుపెట్టకూడదు. వాళ్లకు ముందు తీవ్ర పోషకలోపానికి వైద్యం జరగాలి, ఐరన్ బరువు పెరగడం మొదలయ్యాకే.

పెద్దపాపకు ఆ సిరప్ అక్కర్లేదు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు బడిలో వారానికొక గులాబీ రంగు మాత్ర ఇస్తారు, 45 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక, ఖాళీ కడుపుతో కాకుండా వేసుకోవాలి. మాత్ర వేసిన రోజు కడుపునొప్పి అని ఇంటికొచ్చిందంటే చాలావరకు తినకుండా వేసుకున్నట్టే. ఒకసారి తన రక్తం కూడా చూపించండి. ఆ వయసుకు 11.5 ఉండాలి. అంతకంటే తక్కువైతే వారం మాత్ర చాలదు, బరువును బట్టి రోజువారీ మోతాదు పీహెచ్‌సీలో రాస్తారు.